రేడియేటర్ వెనక పడ్డ గ్లౌజు

డింప్నా గ్లౌజు మళ్ళీ కింద పడింది.

ప్రతి ఆదివారం ఇదే వరస. చర్చి నుంచి తిన్నగా తమ్ముడింటికి రావడం, ముందుగదిలో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చోవడం, టీ వచ్చేలోపు ఎడమచేతి గ్లౌజు జారవిడవడం. అది పోయి పోయి సరిగ్గా కిటికీ కింద, గది వెచ్చబెట్టే రేడియేటర్ పక్కనే పడుతుంది. టెస్సీ వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి పళ్ళు కొరుక్కుంది. కింద పడ్డ గ్లౌజు తీసుకోడానికి మనిషికి ఎంతసేపు కావాలి? డింప్నా మాత్రం వంగి, తల పక్కకి వాల్చి, రేడియేటర్‌కీ గోడకీ మధ్యనున్న సందులోకి ఒక కన్ను పెట్టి, తీరిగ్గా చూస్తుంది. చూసి తనలో తను నవ్వుకుంటుంది. ఆ తర్వాతే గ్లౌజు చేతికొస్తుంది.

"వదినా, టీ," అంది టెస్సీ.

"ఆఁ, పెట్టమ్మా. గ్లౌజు పడిపోతేనూ," అంది డింప్నా, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ.

ఆడపడుచు కన్ను ఎక్కడ పడుతుందో టెస్సీకి తెలుసు. పెళ్ళయి మేయో జిల్లాలో ఈ లిస్‌డఫ్ అనే ఊరికి వచ్చిన రోజు నుంచీ తెలుసు. టెస్సీది పట్నం, తండ్రి మంగలి దుకాణం నడిపేవాడు. "పట్నం పిల్ల, పేడ చూస్తే ముక్కు మూసుకుంటుంది," అని ఊళ్ళో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ పట్నం పిల్ల వాళ్ళందరికన్నా ముందు లేచి పాలు పితికి, డబ్బాలు తళతళలాడేలా తోమి గోడ మీద బోర్లించేది. అయినా డింప్నా నోటి నుంచి మెచ్చుకోలు మాట ఒక్కటీ రాలేదు. తిట్టిందా అంటే తిట్టనూ లేదు. ఏ తప్పూ అనకుండా చూసి నవ్వుకునే మనిషిని ఏం చెయ్యాలి? టెస్సీకి అదే అరికాలి మంట.

టెస్సీ కాపురానికొచ్చేటప్పటికి అత్తగారు లేదు. అంతకు ముందు చలికాలమే పోయింది. ముందుగది గోడల మీద ఆవిడ నాటి కాగితమే ఉండేది, పొయ్యిలో కాల్చే పీట్ మట్టి పొగకి నల్లబడి, చెమ్మకి అంచులు లేచిపోయి. ఆ ఏడే పొయ్యికి గొట్టాలు కలిపి ఇంటికి రేడియేటర్లు పెట్టించారు. పెట్టినవాడు పాత కాగితం మీదే కొక్కేలు కొట్టి, కిటికీ కింద రేడియేటర్ తగిలించి, చేతులు దులుపుకుని పోయాడు. మరుసటి వేసవిలో టెస్సీ గోడలు గీకి గులాబీల కాగితం అంటించింది. రేడియేటర్ వెనక మాత్రం అందరిలాగే చేసింది. మా వైపు ఎవరూ రేడియేటర్ విప్పరు. చెయ్యి దూరినంత మేర కాగితం లోపలికి నొక్కి, ఆ వెనక సంగతి మర్చిపోతారు. ఎవరు చూడొచ్చారు?

డింప్నా చూడొచ్చింది.

అందులోనూ ఎప్పుడు? పోయినసారి ఇంట్లో మాస్ పూజ చెప్పించుకున్న రోజున. మా ఊళ్ళో ఇళ్ళన్నీ వంతులేసుకుని మాస్ చెప్పించుకుంటాయి. ఫాదర్ వచ్చి వంటింటి బల్లనే పూజపీఠం చేసి మాస్ చెప్తాడు, తర్వాత ఊరంతా అక్కడే టిఫిను తింటుంది. ఫాదర్ ఉండేది కాసేపే. ఆ కాసేపటికోసం వంతొచ్చిన ఇంటావిడ ఎండాకాలమంతా ఇల్లు తిరగేస్తుంది. గేటుకి రంగు, కోళ్ళగూటికి సున్నం, గదులకి కొత్త కాగితం. దేవుడు అన్నీ చూస్తాడంటారు గానీ లిస్‌డఫ్ ఆడవాళ్ళంత వివరంగా మాత్రం చూడడు. ఆ రోజు అంతమంది మధ్య డింప్నా గ్లౌజు జారవిడిచి, వంగి, గాల్వే నుంచి వచ్చిన పినతల్లి కూతుర్ని కూడా పిలిచింది. "ఇలా రావే, చూడు!" ఇద్దరూ తలలు దగ్గర పెట్టి సందులోకి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. టెస్సీకి తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న పందిమాంసం హాము పళ్ళెం కింద పెట్టి పెరట్లోకి పోయి, కాసేపు కోళ్ళ మధ్య నిలబడి వచ్చింది.

ఈసారి వంతు అక్టోబరులో. టెస్సీ వేసవి మొదట్లోనే నిశ్చయించుకుంది. ఈసారి రేడియేటర్ విప్పించి, వెనక గోడకి కూడా ముందు గోడంత ఇదిగా కాగితం వెయ్యాలి. ఆ గ్లౌజు పడాలి, ఆవిడ వంగాలి, ఆ మొహాన నవ్వు ఆగాలి. అప్పటిదాకా తనకి నిద్ర పట్టదు.

మొగుడు కోల్మన్ గొర్రెల్ని సంతకి తోలుకెళ్ళిన రోజు చూసి ఫెస్టస్‌ని పిలిపించింది. ఫెస్టస్ ఊళ్ళో గొట్టాల పని, కరెంటు పని, అవసరమైతే పళ్ళు పీకే పని కూడా చేస్తాడు. బొజ్జ రేడియేటర్‌కి ఆనించి కూర్చుని, వాల్వు బిగించి, మరలు వదులు చేస్తూ అడిగాడు.

"వెనకాల ఎందుకు పిన్నీ? అక్కడ ఫాదర్ ఏమన్నా కాపురం పెడతాడా?"

"నోరు మూసుకుని బేసిన్ పెట్టు. నల్లనీళ్ళు నా తివాచీ మీద పడ్డాయంటే నీ చేతే నాకిస్తాను."

"ఆ నీళ్ళు మా ఇంట్లో టీ కన్నా నయమే," అన్నాడు ఫెస్టస్. బేసిన్‌లోకి బురదలాంటి నల్లనీళ్ళు గుడగుడమని దిగాయి. ఇద్దరూ చెరో పక్కా పట్టి రేడియేటర్‌ని ఎత్తి గోడకి వారగా దించారు.

వెనకంతా బూజూ, మసీ. వాటి మధ్య డింప్నా ఎప్పుడో పోగొట్టుకున్న గుండీ ఒకటి. టెస్సీ తడిగుడ్డ పెట్టి తుడిచేసరికి మసి కింద నుంచి లేతాకుపచ్చ కాగితం బయటపడింది. దాని మీద సన్నటి తీగ, తీగ మీద గోధుమరంగు పిట్టలు. పిట్టల కాళ్ళు పైకీ, తలలు కిందికీ ఉన్నాయి.

"ఓరి నాయనో," అన్నాడు ఫెస్టస్. "తలకిందులుగా అంటించారు!"

టెస్సీ చూసి చూసి ఫక్కున నవ్వింది. "ఎవడో గాని తాగి అంటించుంటాడు. అందుకే రేడియేటర్ అడ్డం పెట్టించారు కాబోలు."

"ఆ పిట్టలు కూడా తాగున్నాయి పిన్నీ."

చాన్నాళ్ళకి టెస్సీ మనసు తేలికపడింది. తప్పు తన కాలంలోది కాదు. వదిన ఇన్నాళ్ళూ నవ్వింది ఈ పిట్టల్ని చూసి అన్నమాట. అలాంటప్పుడు అత్తగారింటి పని చూసి నవ్వాలిగాని, నన్ను చూసి నవ్వడమెందుకు? ఈ ప్రశ్న ఆమెకి రాకపోలేదు. వచ్చింది. చేతిలో జిగురు కుంచె ఉండడం వల్ల దాని దగ్గర ఆగలేదు.

పాత కాగితాన్ని గీకబోతే పెచ్చులతో సహా గోడే ఊడొస్తోంది. అందుకని దాని మీదే కొత్తది వేసింది. క్రీము రంగు మీద నీలం పూలు. పై నుంచి పట్టీ వదిలి, కొక్కేల దగ్గర కింది నుంచి కత్తెరతో చీల్చి, కొక్కేనికి అటూ ఇటూ నొక్కి, ప్రతి పువ్వూ పక్క పట్టీలోని సగం పువ్వుతో కలిసేలా గుడ్డతో సాగదీసి సరిచేసింది. ఫెస్టస్ చూస్తూ కూర్చుని రెండు టీలు తాగాడు. చివరికి రేడియేటర్ మళ్ళీ తగిలించాక అంత పనీ దాని వెనక్కి పోయింది.

"అయిపోయింది. ఇక ఎవరూ చూడరు," అన్నాడు.

"చూస్తారు. నువ్వు చూస్తూ ఉండు," అంది టెస్సీ.

మాస్ రోజు పొద్దున్న వాన. బూట్లు గుమ్మంలో విడిచి, ఊరు ఊరంతా మేజోళ్ళతో ఇంట్లో తిరుగుతోంది. ఫాదర్ ముందుగదిలో కూర్చుని, ఒక్కొక్కరూ ఒప్పుకున్న పాపాలు విని వంటింట్లోకి వెళ్ళాడు. మాస్ అయింది. పింగాణీ కప్పులు దిగాయి, ఉడికించిన గుడ్లు, సోడా రొట్టె, హాము, ఆపిల్ టార్టు. టెస్సీ కళ్ళు మాత్రం డింప్నా చేతుల మీదే ఉన్నాయి. ఎడమచేతికి ఇంకా గ్లౌజు ఉంది. డింప్నా కప్పు పట్టుకుని ముందుగదిలోకి నడిచింది, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. గ్లౌజు పడింది.

టెస్సీ ట్రేతో సహా గుమ్మంలోకి వచ్చేసింది.

డింప్నా వంగింది. తల వాల్చింది. కన్ను సందుకి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది, కాని నవ్వు లేదు. తర్వాత మెల్లగా లేచింది. గ్లౌజు తీసుకోవడం మర్చిపోయి, మళ్ళీ వంగి తీసుకుంది.

"వెనకాల కూడా వేశావా?" అంది.

"వేశాను వదినా. విప్పించి మరీ వేశాను."

"చక్కగా చేశావ్ టెస్సీ. పువ్వు ఎక్కడా తప్పలేదు," అంది డింప్నా.

ఇన్నేళ్ళకి ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. టెస్సీకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఫాదర్‌కి మూడో గుడ్డు పెట్టింది, వద్దంటున్నా వినకుండా. ఎవరు ఏమడిగినా నవ్వుతూనే చెప్పింది. డింప్నా టార్టు ముట్టకుండా, తలనొప్పంటూ ముందే బయల్దేరి వెళ్ళిన సంగతి కప్పులు కడిగేటప్పుడు గాని ఆమె దృష్టికి రాలేదు.

తర్వాత ఆదివారం డింప్నా వచ్చి వంటింట్లో కూర్చుంది. "ఇక్కడ వెచ్చగా ఉంది," అంది. ఆపై ఆదివారమూ అంతే. ముందుగది వైపు తొంగి కూడా చూడలేదు. గ్లౌజులు రెండూ తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టి, టప్పుమని మూసేది. టెస్సీ మొదట్లో గెలిచాననుకుంది. కాని గెలిచిన మనిషికి ఉండాల్సిన సుఖం లేదు. ఎదురుగా కూర్చున్న ఆవిడ టీ తాగుతుంది, గొర్రెల సంగతి అడుగుతుంది, వెళ్ళిపోతుంది. ఎవరిదో చావుకి వచ్చి పలకరించి పోయినట్టుంటుంది.

ఒక రోజు మధ్యాహ్నం బంగాళాదుంపలు వడ్డిస్తూ టెస్సీ మొగుడితో అంది.

"చూశావా, మీ అక్క గ్లౌజు పడ్డం మానేసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదుగా మరి."

కోల్మన్ మాట పొదుపు మనిషి. ఇల్లంటుకున్నా పక్కింటివాడు ముందు చెప్పాలని చూసే రకం. దుంప తొక్క తీస్తూ ఆగాడు.

"ఎక్కడ తప్పు?"

"రేడియేటర్ వెనక. ఆ తలకిందుల పిట్టలు. కప్పేశానుగా నేను."

కోల్మన్ కత్తి బల్ల మీద పెట్టాడు. "కప్పేశావా?"

"ఏం, నీకు చెప్పలేదా? నువ్వు సంతకెళ్ళిన రోజు."

"కాగితం వేశావనుకున్నాను. పైపైన."

"ఏంటి, ఏమైందిప్పుడు?"

అతను చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. మధ్యలో ఉప్పు వేసుకున్నాడు, దుంప తిన్నాడు. టెస్సీ అతని మెడ పట్టుకుని లాగాలన్నంత కోపం దిగమింగుకుని విన్నది ఇదీ. డింప్నాకి పన్నెండేళ్ళప్పుడు ఈ ఇంటికి మాస్ వంతు వచ్చింది. అమ్మా, డింప్నా కలిసి ముందుగదికి కాగితం వేశారు. పట్నం నుంచి తెప్పించిన కాగితం, మైదా ఉడికించిన జిగురు. కిటికీ కింద చిన్న ముక్క ఒక్కటీ నువ్వెయ్యవే అని అమ్మ డింప్నా చేతికిచ్చింది. ఆ పిల్ల దాన్ని తలకిందులుగా వేసింది. ఆరాక గాని ఎవరూ చూడలేదు. డింప్నా ఏడుపు లంకించుకుంటే అమ్మ నేల మీద పడుకుని, తల వెనక్కి వంచి, "ఇలా చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయే," అంది. కూతుర్ని కూడా పక్కన పడుకోబెట్టింది. మాస్ రోజు దాని ముందు పెద్ద బల్ల జరిపి పెట్టారు. ఆ బల్ల తర్వాత రేడియేటర్ వచ్చింది.

"అమ్మ వేసిన కాగితంలో మిగిలింది అదొక్కటే," అన్నాడు కోల్మన్. "ఆ చివర ఒక పిట్ట కనిపించేది, కిటికీ వెలుగు పడితే. దాన్ని చూసుకుని పోయేది అక్క."

టెస్సీ చేతిలో గరిటె అలాగే ఉంది. "మరి ఆ గాల్వే పిల్లని పిలిచి నవ్విందీ?"

"అదే చూపించుంటుంది. అమ్మంటే దానిక్కూడా ప్రాణం."

"నాతో ఒక్క మాటంటే ఉంచేదాన్నిగా! ఇన్నేళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుక్కూర్చుందా?"

"నేనూ అన్నాను చెప్పమని. అది టెస్సీ ఇల్లు, అక్కడేది ఉంచాలో ఏది తీసెయ్యాలో నేను చెప్తే బావుండదురా అంది. నీకన్నా మొండిది మా అక్క."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా," అన్నాడు కోల్మన్, నిజాయితీగానే.

టెస్సీ ఆ పూట తిండి ముట్టలేదు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. ఒక ముసలామె వాళ్ళమ్మని చూసుకోడానికి గ్లౌజు సాకు పెట్టుకుని వంగితే, తను దాన్ని దెప్పిపొడుపనుకుని ఇన్నేళ్ళు మోసింది. మోసి మోసి, చివరికి ఎంతో శ్రమపడి, పువ్వుకి పువ్వు కలిపి మరీ ఆ తల్లిని కప్పెట్టింది. పైగా మెచ్చుకోలు కూడా పుచ్చుకుంది. పువ్వు ఎక్కడా తప్పలేదన్న ఆ మాట చెవిలో మోగినప్పుడల్లా ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

మర్నాడు ఫెస్టస్ మళ్ళీ వచ్చాడు.

"మొన్ననేగా పెట్టాం! ఈసారి బిషప్ వస్తున్నాడా ఏంటి?"

"వాగకుండా విప్పు. విప్పి ఇంటికి పో. సాయంత్రం వచ్చి తగిలిద్దువుగాని."

"టీ లేదా?"

"లేదు."

ఆవిడ మొహం చూసి ఫెస్టస్ బేసిన్ తెచ్చుకున్నాడు.

వేడినీళ్ళు, స్పాంజి పెట్టుకుని టెస్సీ నేల మీద కూర్చుంది. నీలం పూలని బాగా తడిపి, నానిందనుకున్నాక ఒక మూల పట్టుకుని లాగింది. కాగితం వచ్చింది. దాని వెనక అతుక్కుని ఒక పిట్ట కూడా వచ్చింది. గోడ మీద దాని చోట ఉత్త సున్నం మిగిలింది. టెస్సీ ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఏడ్చింది, తనని తను పట్నం భాషలో కాసిని తిట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని వెన్న రాసే కత్తి తెచ్చుకుంది. నీళ్ళు తగ్గించింది. కొంచెం తడపడం, కత్తి పడుకోబెట్టి గోరంత లేపడం, మళ్ళీ ఆగడం. మోచేతులు మొద్దుబారాయి. ఆవులు పాలవేళయిందని అరుస్తుంటే కోల్మన్ తొంగి చూసి, చెంబు తీసుకుని తనే వెళ్ళాడు.

అంతా చేసి మిగిలింది అరచెయ్యంత. చివరన, కిటికీ వైపు, ఒక పిట్ట ముక్కు నుంచి తోక దాకా దక్కింది. దాని పక్కదానికి తల లేదు. తీగ కొంత. వాటి చుట్టూ నీలం పూల అంచుని కత్తెరతో తిన్నగా కోసి, అంటించి, వేలితో నొక్కింది. పైకి లేవబోతూ ఆగింది. నేల మీద వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వంచి చూసింది. ఆ ఉన్న ఒక్క పిట్టా తీగ మీద నిటారుగా కూర్చుని ఉంది. అత్తగారిని టెస్సీ ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే బావుండేదని మొదటిసారి అనిపించింది.

ఆదివారం డింప్నా వచ్చి వంటింటి కుర్చీ లాక్కోబోయింది.

"ఇక్కడ కాదు వదినా, ముందుగదిలో కూర్చోండి. పొయ్యి పొగ కొడుతోంది," అంది టెస్సీ.

పొగ ఏమీ లేదు. డింప్నా పొయ్యి వైపు చూసి, మరదలి వైపు చూసి, సరేనని లేచింది. కిటికీ దగ్గర కుర్చీలో వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది. గ్లౌజులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. టెస్సీ టీ ట్రే దించుతూ మోచేత్తో ఒక గ్లౌజుని నెట్టింది. అది రేడియేటర్ పక్కకి జారింది.

"అయ్యో, చూడండి నా చెయ్యి! కాస్త మీరే తీసుకోండి వదినా. నా నడుం పట్టేసింది, వంగలేను."

"నీకు నడుం నొప్పేమిటే, నిన్నగాక మొన్న పుట్టినదానివి," అని గొణుక్కుంటూ డింప్నా మోకాళ్ళు పట్టుకుని వంగింది.

టెస్సీ కప్పుల్లో టీ పోసింది. పాలు పోసింది. చక్కెర వేసి కలిపింది, మళ్ళీ కలిపింది. డింప్నా లేవలేదు. గ్లౌజు ఆమె గుప్పిట్లోనే ఉంది.

"దొరికిందా వదినా?"

రేడియేటర్ పక్కన ఆమె తల ఇంకాస్త వాలింది.

"ఇంకా లేదే," అంది డింప్నా. "కాస్త ఆగు."